వేరు కంచం, మూసిన కిటికీ

ఇంట్లో ఎవరికైనా టీబీ అని తేలితే మొదట వేరయ్యేది కంచం. తర్వాత గ్లాసు. తర్వాత చాప, దుప్పటి, తువ్వాలు. ఇలా చేద్దామని ఎవరూ కూర్చుని అనుకోరు. ఆ పూట అన్నం పెట్టేటప్పుడు ఇల్లాలి చెయ్యి దానంతటదే అలమరలో అడుగున పడి ఉన్న పాత కంచం మీదికి పోతుంది. గుర్తుండాలని దాని అంచుకు ఒక నొక్కు పెడతారు. కడిగేది కూడా విడిగానే, పెరట్లో, వేరే పీచుతో. రోగి పడక వెనక గదిలోకి మారుతుంది. చలిగాలి తగిలితే దగ్గు ఎక్కువవుతుందని ఆ గదికున్న ఒక్క కిటికీ మూసేస్తారు. పొద్దు వాలగానే దోమలొస్తాయని వీధి తలుపూ, పెరటి తలుపూ పడతాయి. ఇక తెల్లారేదాకా ఇంటిల్లిపాదీ పీల్చేది ఆ నాలుగు గోడల మధ్య గాలే.

ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. పిల్లలున్న ఇల్లు, భయం ఉంటుంది. భయపడిన మనిషి తన చేతిలో ఉన్నదే ఏదో ఒకటి చేస్తాడు. కంచం చేతిలో ఉంటుంది, కనిపిస్తుంది, వేరు చేస్తే వేరైనట్టు తెలుస్తుంది. గాలి అలా కనిపించదు. కానీ ఈ జబ్బు విషయంలో కంచం ఏ పాపమూ ఎరగదు. చేటంతా మూసిన కిటికీ వల్లనే.

క్షయ క్రిమి కలిసి తింటే రాదు, తాకితే రాదు, ఒకే బావి నీళ్లు తాగితే రాదు. (పశువుల నుంచి పచ్చిపాల ద్వారా వచ్చే రకం ఒకటి ఉంది, పాలు పొంగేదాకా కాచుకునే ఇళ్లకు దాని బెడద తక్కువ.) ఊపిరితిత్తుల్లో జబ్బున్న మనిషి దగ్గినా, తుమ్మినా, గట్టిగా మాట్లాడినా, పాట పాడినా నోటి నుంచి తుంపరలు వస్తాయి. పెద్దవి నేల మీద పడిపోతాయి. సన్నవి గాలిలోనే ఆరిపోయి, కంటికానని నలుసులై, మూసిన గదిలో గంటల తరబడి తేలుతుంటాయి. దగ్గిన మనిషి లేచి బయటికి వెళ్లినా అవి ఆ గదిలోనే ఉంటాయి. ఇంకొకరు వాటిని పీల్చినప్పుడు ఊపిరితిత్తుల అట్టడుగున ఉన్న గాలి తిత్తుల దాకా చేరగలిగినంత సన్నవి కాబట్టే అవి ప్రమాదం. కంచానికంటిన ఎంగిలీ, దుప్పటికంటిన తెమడా ఎండిపోయాక మళ్లీ అంత సన్నటి నలుసులై పైకి లేవడం జరిగే పని కాదు.

ఈ సంగతి తేలడానికి వైద్యులకే చాలా కాలం పట్టింది. రాబర్ట్ కోచ్ బెర్లిన్‌లో ఈ క్రిమి గురించి ప్రకటించింది 1882 మార్చి 24న. అది ఏ దారిన ప్రయాణిస్తుందో అనుమానానికి తావు లేకుండా రుజువైంది 1950లు ముగుస్తున్నప్పుడు, అమెరికాలోని బాల్టిమోర్‌లో. విలియం వెల్స్, రిచర్డ్ రైలీ అనే ఇద్దరు టీబీ రోగులున్న వార్డులోని గాలిని గొట్టాల ద్వారా పై అంతస్తులో గినీ పందులున్న బోనులకు మళ్లించారు. ఆ మూగజీవాలు రోగుల్ని చూడలేదు, తాకలేదు, వాళ్ల గిన్నెల్లో తినలేదు. వాళ్లు వదిలిన గాలిని పీల్చాయి, అంతే. వాటికి క్షయ అంటుకుంది. అదే గాలికి దారిలో అతినీలలోహిత కిరణాలు సోకించి పంపితే, ఆ గాలి పీల్చినవాటికి అంటుకోలేదు. ఎండలోనూ ఆ కిరణాలుంటాయి, ఎండకు ఈ క్రిమి ఎందుకు చస్తుందో కూడా అందులోనే ఉంది.

మన పెద్దవాళ్లకు కంచం మీద అనుమానం ఎందుకొచ్చిందో ఊహించడం కష్టం కాదు. కలరా, టైఫాయిడ్, కామెర్లు ఊళ్లను ఊడ్చేసిన రోజులు చూసినవాళ్లు. ఆ జబ్బులు నీళ్ల ద్వారా, తిండి ద్వారా, కడుక్కోని చేతుల ద్వారా నడుస్తాయి. అక్కడ ఎంగిలి పట్టింపు ప్రాణాలు నిలబెట్టింది. మరిగించిన నీళ్లు, విడి చెంబు, చెయ్యి కడుక్కుని వంటింట్లోకి రావడం, ఇవన్నీ ఇప్పటికీ ఆ జబ్బులకు సరైన పనులే. ఆటలమ్మ పోసినప్పుడు చేసిందీ తెలివైన పనే. గుమ్మానికి వేపమండ కట్టేవారు. ఆ మండ చూడగానే ఆ ఇంట్లో అమ్మవారు ఉన్నదని వీధంతటికీ తెలిసేది. చుట్టాలు గడప దాటేవారు కాదు, చూలింతలు ఆ వైపే వచ్చేవారు కాదు. ఆ ఇంటివాళ్లకు అందులో సిగ్గు లేదు. అమ్మవారు వచ్చింది, చల్లబడి పోతుంది, అంతే.

క్షయ దగ్గరికి వచ్చేసరికి ఈ రెండూ తారుమారయ్యాయి. పనికిరాని ఎంగిలి పట్టింపును పట్టుకున్నాం. పనికొచ్చే వేపమండను, అంటే దాచకుండా నలుగురికీ చెప్పడాన్ని వదిలేశాం. టీబీ అని పేరు పెట్టి చెప్పిన ఇల్లు ఎక్కడుంది? ‘ఛాతీలో నెమ్ము చేరిందట’ అంటారు. పెళ్లి కావలసిన పిల్లకైతే ఆ మాత్రం కూడా అనరు. పక్క ఊరి ఆసుపత్రికి, కుదిరితే పక్క జిల్లాకి తీసుకెళ్లి మందులు తెస్తారు.

మా పెద్ద మేనత్తను తెనాలి వైపు ఇచ్చారు. రెండో కాన్పయ్యాక దగ్గు పట్టుకుంది. బాలింత దగ్గని కొన్నాళ్లు, వాతమని కొన్నాళ్లు గడిపారు. రక్తం పడిన రోజున అత్తగారు ఆమె చీరలు మూటగట్టి పుట్టింటికి పంపించింది. చంటిపిల్లను పంపలేదు. పిల్లకు పాలు మాన్పించి అక్కడే ఉంచుకున్నారు. ఈ కథ మా నాన్నమ్మ నోట విన్నాను. నాన్నమ్మ చదువుకున్నది కాదు. ఆసుపత్రిలో డాక్టరు ఆమెతో చెప్పింది రెండే ముక్కలట: సూదులూ మాత్రలూ ఒక్కరోజు కూడా మానొద్దు, కూతుర్ని గాలీ వెలుతురూ తగిలేచోట పడుకోబెట్టు. నాన్నమ్మ ఆ రెంటినీ పట్టుకుంది. అత్తయ్య మంచం వీధి అరుగు మీదికి వచ్చింది. వర్షమొస్తే తాటాకు తడిక కట్టేవారు కానీ మంచం లోపలికి పోలేదు. కంచం మాత్రం వేరు కాలేదు. ‘నా చేత్తో కలిపి ముద్దలు పెట్టాను, నాకేం రాలేదు’ అనేది నాన్నమ్మ, ఎవరో వాదిస్తున్నట్టు. ఊళ్లో నిజంగానే వాదించారు మరి. వీధిలో పడుకోబెట్టి ఊరందరికీ అంటిస్తావా అని అడిగారట. అందరూ ప్రమాదమనుకున్న అరుగే ఆ ఇంట్లో అందరికంటే సురక్షితమైన చోటు. ఆరుబయట గాలికి ఆ నలుసులు చెదిరిపోతాయి, ఎండకు క్రిమి చచ్చిపోతుంది.

అత్తయ్య బతికింది, డెబ్బై దాటేదాకా. కానీ ఆ పిల్ల ఆమెకు దూరంగానే పెరిగింది. జబ్బు నయమై అత్తయ్య తిరిగి వెళ్లేసరికి అమ్మను చూసి నాయనమ్మ కొంగు చాటుకు పోయిందట. ఇప్పటి వైద్యం తల్లికి టీబీ ఉన్నా బిడ్డకు పాలివ్వమనే చెబుతుంది. పాల ద్వారా క్రిమి బిడ్డకు చేరదు. తల్లి మందులు మొదలుపెట్టాలి, పాలిచ్చేటప్పుడు ముక్కూ నోరూ మూసుకోవాలి, బిడ్డను డాక్టరుకు చూపించి జబ్బు లేదని తేలాక నివారణ మందు వేయించాలి. ఇంతటితో సరిపోయేదానికి మన ఇళ్లలో ఎంతమంది తల్లుల ఒడి ఖాళీ చేశారో తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

అత్తయ్య కాలానికి మందులు వచ్చినా, టీబీ అంటే జనానికి ఇంకా గుర్తొచ్చేది శానటోరియమే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం, వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టలు, మంగళగిరి కొండ దగ్గరి ఆసుపత్రి, ఈ పేర్లు వింటేనే ఊళ్లలో గొంతు తగ్గించి మాట్లాడేవారు. విశాలమైన వరండాలు, చెట్లు, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి. మందులు లేని రోజుల్లో అంతకంటే చేయగలిగింది లేదు. మందులు వచ్చాక ఒక ప్రశ్న మిగిలింది. లక్షల మంది రోగులున్న దేశంలో ఇన్ని మంచాలు ఎక్కడివి? రోగిని ఇంట్లోనే ఉంచి మందులిస్తే ఇంటివాళ్ల గతేమిటి?

దానికి జవాబు వెతికింది మద్రాసులో. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి అక్కడొక క్షయ చికిత్సా కేంద్రం పెట్టాయి. ఇప్పుడు చేట్‌పట్‌లో ఉన్న జాతీయ క్షయ పరిశోధన సంస్థ అదే. వాలెస్ ఫాక్స్ అనే వైద్యుడి ఆధ్వర్యంలో నగరంలోని పేదవాడల నుంచి 193 మంది రోగుల్ని తీసుకుని, ఎవరు ఇంట్లో ఉండాలో ఎవరు శానటోరియానికి వెళ్లాలో చీటీ తీసినట్టు నిర్ణయించారు. మందులు రెండు జట్లకూ ఒకటే. శానటోరియంలో మంచి తిండి, పడక, నర్సులు. ఇంట్లో ఇరుకు, పని, అరకొర భోజనం. ఏడాది తర్వాత చూస్తే ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు. నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం ఆ పరిశోధనలోని రెండో సగం. ఇంట్లోవాళ్లను కూడా ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చారు. మందులు వాడుతూ రోగి తమతోనే ఉన్న కుటుంబాలకు, రోగిని శానటోరియానికి పంపిన కుటుంబాల కంటే ఎక్కువ ముప్పు కలగలేదు.

ఎందుకు కలగలేదు? మందులు మొదలైన కొద్ది రోజుల్లోనే, మామూలుగా రెండు వారాల్లో, రోగి దగ్గులోంచి క్రిమి అంటుకునే శక్తి బాగా తగ్గిపోతుంది. మందుకు లొంగని మొండి రకాల సంగతి వేరు, అక్కడ సరైన మందు దొరికేదాకా జాగ్రత్త పొడిగించాలి. మామూలు క్షయలో మాత్రం ఇంటివాళ్లకు అంటుకునేది చాలావరకు అంతకుముందే, ఇంకా పేరు తెలియని దగ్గు రోజుల్లో. అంటే కంచం వేరు చేసేనాటికి జరగవలసింది చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

ఇక్కడే నాకు చెప్పాలనిపించే మాట ఉంది. మనిషిని వేరు చేస్తామన్న భయమే జబ్బును ఇల్లంతా పాకిస్తుంది. కోడలు దగ్గును కొంగులో దాచుకుంటుంది, పుట్టింటికి పంపేస్తారని. హాస్టల్లో ఉండే కుర్రాడు గది ఖాళీ చేయమంటారని చెప్పడు. ఇళ్లల్లో పనిచేసే మనిషి పని పోతుందని చెప్పదు. రెండు వారాల దగ్గు రెండు నెలలవుతుంది. ఆ రెండు నెలలూ రాత్రిపూట మూసిన గదిలో పిల్లలు పక్కనే పడుకుంటారు. జబ్బు చేసినా నీ చోటు నీదేనని మనిషికి ముందే తెలిసిన ఇంట్లో మూడో వారానికే పరీక్ష జరుగుతుంది. ఆదరణ వేరు, జాగ్రత్త వేరు అనుకుంటాం కానీ ఈ జబ్బులో అవి రెండూ ఒకే పని.

జాగ్రత్తలు అక్కర్లేదని నేననడం లేదు. మొదటి వారాల్లో రోగి విడిగా, గాలి ఆడే గదిలో పడుకోవడం మంచిదే. దగ్గేటప్పుడు ముక్కుకూ నోటికీ గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. తెమడను మూత ఉన్న డబ్బాలో ఉమ్మి మరుగుదొడ్డిలో పోయాలి. మాటామంతీ అరుగు మీద, మేడ మీద, చెట్టు కింద పెట్టుకుంటే ఇంకా మేలు. ఇవన్నీ క్రిమిని దూరం పెట్టే పనులు. పలకరించడం మానడం, ముట్టుకున్న చోటు కడగడం, పేరెత్తకుండా ‘ఆ మనిషి’ అనడం మనిషిని దూరం పెట్టే పనులు. వాటివల్ల ఒక్క క్రిమి కూడా చావదు.

కిటికీ సంగతికి వస్తాను. పెరూ దేశంలోని లీమా నగరంలో ఆసుపత్రి గదుల్లో గాలి ఎంత వేగంగా మారుతుందో కొలిచి 2007లో ప్రచురించారు. కిటికీలూ తలుపులూ బార్లా తీస్తే గదిలో గాలి గంటకు 28 సార్లు మారినట్లు తేలింది. యంత్రాలతో గాలి మార్చే ఖరీదైన గదులకు పెట్టుకున్న లెక్క గంటకు 12 సార్లు. యాభై ఏళ్లు దాటిన పాత భవనాల్లో, ఎత్తైన కప్పులూ పెద్ద కిటికీలూ ఉన్నచోట, అది 40 దాకా వెళ్లింది. కొత్తగా కట్టినవాటిలో 17. ఈ అంకెలు చదివినప్పుడు మండువా ఇళ్లు గుర్తొచ్చాయి. నడిమధ్య ఆకాశం కనిపించేలా కట్టిన ఆ ఇళ్లలో గాలి నిలవ ఉండేది కాదు. ఇప్పుడు మన అపార్ట్‌మెంట్లలో పడగ్గదికి ఏసీ పెట్టి, కిటికీ సందులకు కూడా టేపు అంటిస్తాం. గోడకు తగిలించే ఏసీ ఆ గదిలో గాలినే మళ్లీ మళ్లీ తిప్పి చల్లబరుస్తుంది, బయటిగాలిని తేదు. చల్లగా ఉంది కదా అని అది కొత్త గాలి అనుకుంటాం. ఎదురెదురుగా రెండు కిటికీలు తెరిచి, దోమలకు వల కొట్టించుకోవడం ఏసీ కంటే చవక. పేదిళ్లకు ఆ రెండో కిటికీ కూడా ఉండదన్నది నిజం. ప్రభుత్వం కట్టించే ఇళ్లలోనైనా ప్రతి గదికీ రెండు వైపులా కిటికీ ఉండాలని అడగడం వైద్యం అడగడంతో సమానమని నా నమ్మకం.

కంచం గురించి ఇంకొంచెం చెప్పాలి. వేరు చేయాల్సిన పని లేదు కానీ దానిలో ఏముందో చూడాల్సిన పని ఉంది, రోగి కంచంలోనే కాదు, చుట్టూ ఉన్నవాళ్ల కంచాల్లో కూడా. క్రిమి ఒంట్లో చేరినవాళ్లందరికీ జబ్బు రాదు. నూటికి తొంభై మందిలో అది జన్మంతా లేవకుండా పడి ఉంటుంది. లేచేది ఒంట్లో బలం తగ్గినప్పుడు. హెచ్ఐవీ, చక్కెర జబ్బు, పొగతాగడం, అన్నిటికంటే విస్తారంగా ఆకలి దాన్ని లేపుతాయి. ఝార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవీ భార్గవ, వారి సహచరులు 2800 మంది రోగుల ఇళ్లలో పదివేల మందికి పైగా ఇంటివాళ్లతో ఒక పరిశోధన చేసి 2023లో ఫలితాలు వెల్లడించారు. కొన్ని ఇళ్లలో రోగికి మాత్రమే తిండి సామాను ఇచ్చారు. మిగతా ఇళ్లలో రోగితో పాటు ఇంట్లో పెద్దవాళ్లకు తలకు నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. పిల్లలకు అందులో సగం. అలా ఇచ్చిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. పరీక్షలో క్రిమి కనబడి రుజువైన ఊపిరితిత్తుల క్షయ 48 శాతం తగ్గింది. కొత్త మందు కాదు, టీకా కాదు. పప్పన్నం!

మన ఇళ్లలో రోగికి సేవ చేసేది ఎవరు? కోడలో, భార్యో, పెద్ద కూతురో. రోగికి గుడ్డు ఉడకబెట్టి, పాలు కాచి ఇచ్చి, పిల్లలకు పెట్టి, మగవాళ్లకు వడ్డించి, చివర తను తినేది అడుగున మిగిలిన పులుసూ మజ్జిగా. రోగి గదిలోకి రోజుకు పదిసార్లు వెళ్లేది ఆవిడే. అందరికంటే బలంగా ఉండాల్సిన మనిషికి అందరికంటే తక్కువ తిండి. నిక్షయ్ పోషణ్ పథకం కింద ప్రభుత్వం 2018 నుంచి రోగి ఖాతాలో నెలకు 500 వేస్తూ వచ్చింది, 2024 నవంబరు నుంచి 1000 చేసింది. ఆ డబ్బుతో తెచ్చిన గుడ్లు రోగి ఒక్కడికే దాచి పెట్టక, సేవ చేసే ఆవిడ కంచంలో కూడా ఒకటి పడితే అది దుబారా కాదు. ఆ ఇంట్లో రెండో రోగి రాకుండా ఆపేది ఆ గుడ్డే కావచ్చు.

చివరిగా ఒక పెద్దాయన గురించి. ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. అరుగు మీద కూర్చుని చుట్ట తాగుతాడు, తెల్లవారుజామున దగ్గుతాడు. ఆ దగ్గు ఇంటివాళ్లకు కోడికూత అంత అలవాటు. ‘ఆయనది పాత దగ్గులే’ అంటారు. చలికాలం ఆయన పడక లోపలికి మారుతుంది, కథల కోసం మనవడు ఆయన దుప్పట్లో దూరుతాడు. ఇంట్లో చిన్నపిల్లలకు క్షయ వచ్చినప్పుడు వైద్యులు మొదట అడిగేది ఇంట్లో ఎవరు దగ్గుతున్నారని. చాలాసార్లు వేలు ఇలాంటి పెద్దాయన వైపే పోతుంది. ఐదేళ్ల లోపు పిల్లల్లో క్షయ మెదడు పొరలకు పాకి ప్రాణాల మీదికి తేగలదు. అందుకే ఇంట్లో ఒకరికి జబ్బని తేలితే మిగతా అందరినీ పరీక్షించి, జబ్బు లేనివాళ్లకు నివారణ మాత్రలు ఇవ్వడం ఇప్పుడు మన దేశంలో పద్ధతి. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి అడిగినప్పుడు ‘మాకెవరికీ ఏం లేదు’ అని పంపేయకుండా పేర్లన్నీ రాయించాలి.

తాతగారి దగ్గు ఎప్పటిదైనా సరే, ఈ మధ్య ఎక్కువైనా, ఒళ్లు చిక్కినా, సాయంత్రాలు వెచ్చబడుతున్నా, ఆయన్ని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి తెమడ పరీక్ష చేయించాలి. దానికి డబ్బు తీసుకోరు. టీబీ అని తేలితే మనవణ్ణి కూడా ఆలస్యం చేయకుండా అక్కడే చూపించాలి.